సున్నపు గీత

రెండేళ్లుగా ఆ వీధిలో కొళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రావడం లేదు. మొదట్లో కాసేపు బుస్సుమనేది, తర్వాత ఆ బుస్సు కూడా పోయింది. చాలా ఇళ్లలో కొళాయిలు తిప్పినవి తిప్పినట్టే వదిలేశారు. రాని నీళ్లకి కట్టెయ్యడం దేనికి, ఎప్పుడైనా దారి తప్పి వస్తే చప్పుడైనా వినబడుతుంది కదా అని.

ఆ వీధిలో మొదటి ఇల్లు లాండ్రీ అక్కది. ఇంటి వెనక పెద్దరోడ్డు, ముందు వీధి, పక్కనే పొడుగాటి పెరడు. పెరట్లో రేకుల షెడ్డు, దాని కింద రెండు పెద్ద మిషన్లు, నాలుగు సిమెంటు తొట్లు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, మూట కట్టి పంపడం ఆమె పని. ఆమె దగ్గర నలుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. ఆమె నోటికి జడిసి వీధివాళ్లు వెనకాల అగ్గిపెట్టె అంటారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసీ ఊరుకుంది, అందులో అబద్ధమేముందని.

నీళ్లు లేని లాండ్రీ ఎలా నడుస్తుందో నడిపినవాళ్లకే తెలుస్తుంది. ట్యాంకరువాడు వస్తానన్న రోజు రాడు, రానన్న రోజు పొద్దున్నే వచ్చి హారను కొడతాడు. వాడు పోసే నీళ్లలో ఉతికితే తెల్ల దుప్పటి టీలో ముంచి తీసినట్టు తేలుతుంది. పోయిన వారం ఆసుపత్రి పెద్ద నర్సు ఒక దుప్పటి తెచ్చి టేబులు మీద పరిచి, వేలితో చూపించింది. "సోమవారంలోగా మీ సొంత నీళ్లు మీరు చూసుకోండి. లేకపోతే మూటలు ఇంకొకరికి పంపిస్తాను. మీ మీద కోపం కాదు. దీని మీద పడుకునేది రోగి." అగ్గిపెట్టె కూడా తల ఊపి, ఆ దుప్పటి మడిచి చంకలో పెట్టుకుంది. మూటలు పోతే మిషన్లు పోతాయి, నలుగురి పనీ పోతుంది, పన్నెండేళ్లు ఒళ్లు హూనం చేసుకుని నిలబెట్టింది మట్టిలో కలుస్తుంది.

అలాగని ఆమె చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నీళ్ల ఆఫీసుకి కాళ్లరిగేలా తిరిగింది. అక్కడి చిన్న ఇంజనీరు ప్రతిసారీ కుర్చీలోంచి లేవకుండానే కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పేవాడు.

"మీ వీధి వాల్వు పూర్తిగా తెరిచే ఉందమ్మా. ఇదిగో, పచ్చరంగు చూపిస్తోంది. మావాళ్లు వెళ్లి తిప్పి కూడా చూశారు, ఇక తిరగనంత తెరిచి ఉంది. మీ వీధి పైపే లోపల పూడిపోయుంటుంది. కొత్తది వెయ్యాలంటే టైము పడుతుంది."

"పచ్చరంగు బాగానే ఉంది. ఆ తెరలోంచే ఒక బిందె పట్టివ్వండి, పట్టుకుపోతాను."

పక్క టేబుళ్లవాళ్లు నవ్వారు. ఇంజనీరు నవ్వలేదు. నీళ్లు మాత్రం రాలేదు.

ఈ మొత్తం వ్యవహారంలో ఆమెకి ఎక్కువ ఒళ్లు మండేది ఇంట్లోనే. ఎందుకంటే ఆమె తండ్రి ముప్ఫై రెండేళ్లు అదే నీళ్ల ఆఫీసులో వాల్వులు తిప్పిన మనిషి. వీధికి ఆయన వాల్వు తాత. ఊళ్లో ఏ గుంటలో ఏ వాల్వుందో, ఏ పైపు ఎక్కడ వంపు తిరుగుతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. పెరటి చివర, ఇంటి గోడకి ఆనించి వేసిన వసారాలో ఉంటాడు. ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె, మేకుకి పాత ఖాకీ చొక్కా.

"నాన్నా, నీళ్లెందుకు రావట్లేదు?" అని ఆమె ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. అన్నం పెడుతూ అడిగింది, మూటలు కడుతూ అడిగింది, ట్యాంకరువాడితో పోట్లాడి వచ్చి ఆ ఊపులోనే అడిగింది. ఎప్పుడడిగినా ఒకటే జవాబు. "కొత్తవాళ్లమ్మా. వాళ్లకేం తెలుసు."

ఒక్క విషయంలో మాత్రం ఆమె తండ్రిని చూసి మెత్తబడిపోయేది. ఎదురింటి అత్త కిందటేడు ట్యాంకరు దగ్గర తోపులాటలో బిందెతో సహా పడి తుంటి విరగ్గొట్టుకుంది. చుట్టరికం లేదు, చిన్నప్పటి నుంచి అత్తా అని పిలవడమే. ఒంటి మనిషి. అప్పటి నుంచి మంచం దిగలేదు. ఆ మర్నాటి నుంచీ తాత రోజూ పొద్దున్నే పెద్దరోడ్డు మీది బోరింగు దగ్గర రెండు క్యాన్లు కొట్టుకుని, మోసుకెళ్లి ఆవిడ వంటింట్లో పెట్టి వస్తున్నాడు. అరవై దాటిన మనిషి, వానొచ్చినా జ్వరమొచ్చినా మానలేదు. వీధంతా ఆయన్ని దేవుడంది. లాండ్రీ అక్క పైకి అనలేదు గానీ, అలా క్యాన్లు మోసుకుపోతున్న తండ్రి వీపు చూసినప్పుడల్లా ఆమెకి గుండె నిండిపోయేది.

బోరు వేయిస్తానన్నప్పుడు తండ్రి అడ్డం పడ్డాడు.

"ముప్ఫై రెండేళ్లు ఊరికి నీళ్లిచ్చాను. నా ఇంట్లో బోరేంటే?"

"నీ ఇంట్లో నీళ్లుంటే నాకు బోరెందుకు? పైవీధిలో ఇంటింటికీ బోరే. ఇక్కడ మనమే మిగిలాం."

ఆయన కండువా దులుపుకుని వసారాలోకి పోయాడు. ఆమె ఇంక ఆ మాట ఎత్తలేదు, పోయి రిగ్గువాడితో మాట్లాడుకుని వచ్చింది.

శుక్రవారం పదింటికి రిగ్గు లారీ వచ్చింది. గేటు తలుపులు ఊడదీస్తే గానీ పెరట్లోకి పట్టలేదు. రిగ్గు మేస్త్రీ పొట్టిగా, చెవుల్లో దూదితో, మాట్లాడితే అరిచినట్టుండే మనిషి. పెరడంతా రెండుసార్లు కాళ్లతో కొలిచి చెప్పాడు.

"రిగ్గు నిలబడ్డానికి రెండే చోట్లున్నాయమ్మా. ఒకటి ఇక్కడ, గేటు పక్కన. రెండోది ఆ మూల, కానీ వసారా పీకెయ్యాలి."

"వసారా జోలికి వెళ్లొద్దు. అది మా నాన్న ఉండే చోటు. ఇక్కడే వెయ్యి."

"అయితే సున్నం తెప్పించండి. ఇంటిపెద్ద ఎవరు?"

ఆ మేస్త్రీకి ఒక పద్ధతుంది. నేలని తొలిచే బిట్టు దించేముందు, అడుగున కరెంటు తీగ గానీ నీళ్ల పైపు గానీ ఎక్కడెక్కడ పోతోందో ఇంటిపెద్ద చేత సున్నంతో గీత గీయిస్తాడు. వేరేవాళ్లు గీస్తే ఒప్పుకోడు, నోటిమాటగా చెబితే అసలే ఒప్పుకోడు. గతంలో ఎవరో అడుగున ఏమీ లేదని చెప్పి, కేబులు తెగాక మేమలా అనలేదని మొహం చాటేశారట. చేత్తో గీసిన గీతకైతే ఇంటిపెద్దే పూచీ.

పనివాళ్లలో ఒకామె సున్నం డబ్బా తెచ్చింది. తాత వసారాలోంచి వచ్చి డబ్బా అందుకున్నాడు. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. వెనక పెద్దరోడ్డు గోడ దగ్గర మొదలుపెట్టి, వంగి, పిడికిట్లోంచి సున్నం వదులుతూ, పెరడంతా దాటి గేటు దాకా వచ్చి, బయట వీధి మొదట్లో ఉన్న వాల్వు గుంట ఇనుప మూత దగ్గర ఆపాడు. తాడు పట్టి గీసినట్టుంది. గీత సరిగ్గా మేస్త్రీ పాతిన గుర్తు మీదుగానే పోయింది.

మేస్త్రీ తల గోక్కున్నాడు. "పైపు మీదే ఉంది కదమ్మా."

"ఉంటే ఉండనీ. రెండేళ్ల నుంచి చుక్క రాని పైపు. పగిలితే పీడా పోతుంది. చచ్చిన పైపుకి భయమేంటి, దింపు."

మేస్త్రీ భుజాలెగరేసి ఇంజను వేశాడు. పెరట్లో నేల అదిరింది, షెడ్డు రేకులు గడగడలాడాయి. బిట్టు కిందికి దిగుతుంటే తాత ఒక్కసారిగా నడిచి వచ్చి గుర్తు మీద నిలబడ్డాడు. చెప్పుల్లేకుండా, చేతినిండా సున్నంతో.

"నాన్నా, పక్కకి రా."

ఆయన పెదాలు కదిలాయి, ఇంజను హోరులో ఏమీ వినబడలేదు. మేస్త్రీ హడలిపోయి ఇంజను ఆపాడు. హోరు ఆగిన నిశ్శబ్దంలో ఆయన మాట పెరడంతా వినిపించింది.

"ఆ పైపు చావలేదే. నిండా నీళ్లున్నాయి. బిట్టు తగిలితే నీ షెడ్డు మునిగిపోతుంది."

లాండ్రీ అక్కకి ముందు అర్థం కాలేదు. "నిండా నీళ్లా? మరి వీధిలోకి రావేం?"

"వాల్వు దాకా వస్తున్నాయి. వాల్వు మూసి ఉంది."

"పూర్తిగా తెరిచి ఉందని ఆఫీసులో వందసార్లు చెప్పారు నాకు."

"వాళ్లకి అలాగే కనబడుతుంది." ఆయన నేల చూపులు చూస్తూ, ఎవరో పాఠం అప్పజెప్పమన్నట్టు చెప్పుకుపోయాడు. "ఊళ్లో వాల్వులన్నీ ఎడమకి తిప్పితే తెరుచుకుంటాయి. ఇదొక్కటి పాత రకం. దీనికి మర తిరగబడి ఉంటుంది, కుడికి తిప్పితే తెరుచుకుంటుంది. నేను దిగిపోయిన వారానికి కింద ఎక్కడో లీకుందని వచ్చి, పైన పెద్దలైను దగ్గరే నీళ్లు ఆపి రిపేరు చేశారు. పనయ్యాక తెరుస్తున్నామనుకుని ఎడమకి బిగించి పోయారు. అది మూసుకుంది. ఎన్నిసార్లొచ్చి చూసినా ఎడమకి ఇక తిరగదు కదా, తెరిచే ఉందనుకుంటారు."

పనివాళ్లు నలుగురూ చేతిలో పనులు వదిలేసి నిలబడ్డారు. లాండ్రీ అక్క గొంతు తగ్గింది. ఆమె గొంతు పెరిగితే ఎవరూ భయపడరు, తగ్గితేనే భయం.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

ఆయన చేతికున్న సున్నం పంచెకి తుడుచుకున్నాడు.

"నాన్నా, ఎప్పుడు తెలిసింది?"

"నీళ్లు ఆగిన రోజే."

మేస్త్రీ చెవుల్లో దూది తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఇది తను వినాల్సిన మాట కాదని ఆయనకీ తెలిసిపోయింది.

"ఆఖరిరోజు ఆఫీసులో అన్నీ ఒప్పజెబుతూ, ఈ మూల వాల్వు సంగతొకటి ఉంది బాబూ అన్నాను," అన్నాడు తాత. "ఆ చిన్న ఇంజనీరు, అంతా కంప్యూటర్లో ఉంది తాతా, సంతకం పెట్టి ఇంటికెళ్లి పడుకో అన్నాడు. అందరూ నవ్వారు. సరే, చూద్దాం, మీరే పరిగెత్తుకుంటూ వస్తారనుకున్నాను. ఒక్కడూ రాలేదు."

"నేనడిగాను కదా."

ఆయన కాలి బొటనవేలితో సున్నం గీతని చెరుపుతూ నిలబడ్డాడు.

"రోజూ అడిగాను కదా నిన్ను. కంచంలో అన్నం పెడుతూ అడిగాను. వాళ్లొచ్చి అడగాలా? నేనడిగితే లెక్కలోకి రాదా?"

"వాళ్లు రావాలనుకున్నానే. మొదటి వారం లోపల నవ్వుకున్నాను, నిజమే. నెల గడిచాక చెబుదామంటే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారని ఆగాను. అలా ఆగి ఆగి..." ఆయన చూపు గేటు దాటి ఎదురింటి మీదికి పోయింది. "అదిగో ఆ చెల్లి పడిపోయాక ఇక నోరు పెగల్లేదు."

ఆ చూపు వెంటే ఆమె చూపూ పోయింది. రోజూ పొద్దున్నే రెండు క్యాన్లతో ఆ గుమ్మం ఎక్కే వీపు కళ్లముందుకొచ్చింది. తను చూసి పొంగిపోయిన వీపు. ఏడుపొస్తుందనుకుంది గానీ వచ్చింది ఒట్టి కోపం.

"అందుకా ఆ మోత. నేను నిన్ను దేవుడనుకున్నాను. పైకి అనలేదు గానీ, మా నాన్నని చూడండని లోపల పొంగిపోయాను. ఒక్క ముక్క చెబితే అయిపోయేదానికి వీధి వీధినంతా ఎండబెట్టావు. వాడెవడో నవ్వాడట, ఈయన పరువు పోయిందట. నా చేతులు చూడు, బ్లీచింగుకి తోలు ఊడిపోయింది, ఆ మురికినీళ్ల మరకలు వదిలించలేక. ఆవిడ కాలు చూడు. నీ పరువు ఇంత బరువుంటుందని నాకు తెలీదు నాన్నా."

"తప్పయిపోయింది."

"నాకు కాదు చెప్పాల్సింది. ముందు రాడ్డు తియ్యి."

"ఏ రాడ్డు?"

"నీ మంచం కింద గోనెలో చుట్టి పెట్టుకున్నావే, ఆఫీసుకి ఇవ్వకుండా తెచ్చుకున్నావే, ఆ రాడ్డు. ఆ గది ఊడ్చేది నేనే, నాకు తెలీదనుకున్నావా?"

ఆయన వెళ్లి తెచ్చాడు. నడుమెత్తు ఇనుప రాడ్డు, పైన అడ్డంగా పిడి. మేస్త్రీ మనిషొకడు గడ్డపారతో గుంట మూత లేపాడు. తాత రాడ్డు దించి, కుదిరిందో లేదో ఒకసారి కదిపి చూసి, కుడికి తిప్పాడు. ముందు కదల్లేదు. పిడి మీద బరువంతా వేసి మళ్లీ తిప్పాడు. కీచుమని ఒక చుట్టు తిరిగింది. తర్వాత ఇంకొకటి. ఐదో చుట్టుకి నేల కింద గరగర మొదలైంది. పన్నెండో చుట్టుకి రాడ్డు ఆగింది. రెండేళ్ల కరువు, పన్నెండు చుట్లు.

వీధి చివరి దాకా ఒక్కో ఇంట్లోంచీ కేకలు లేచాయి. తిప్పి వదిలేసిన కొళాయిలన్నీ ఒక్కసారి దగ్గి, ఎర్రటి తుప్పు నీళ్లు కక్కి, తర్వాత పోశాయి. జనం బిందెలతో సహా బయటికి వచ్చి చూస్తే వాల్వు గుంట దగ్గర చెమటలు కక్కుతూ తాత నిలబడి ఉన్నాడు. ఇంకేముంది. "తాత తెప్పించాడు నీళ్లు" అని ఒకరన్నారు. "రిటైరైనా ఆయనే కావాల్సొచ్చింది" అని ఇంకొకరు. ఒకాయన వచ్చి చేతులు కూడా పట్టుకున్నాడు. లాండ్రీ అక్క పళ్లు నూరుకుంటూ తండ్రి మొహమే చూస్తోంది. ఆయన కాదనలేదు. ఔననలేదు కూడా.

అప్పుడు చూసింది ఆమె. ఎదురింటి గడప కింద నుంచి నీళ్లు బయటికి పారుతున్నాయి. అత్త వంటింట్లో కొళాయి కూడా తిప్పి వదిలేసిందే. కట్టడానికి ఆవిడ లేవలేదు.

"నడు," అంది తండ్రితో.

లోపల నేలంతా నీళ్లు పరుచుకున్నాయి. చెప్పులు, ఒక చీపురు, రెండు ఖాళీ క్యాన్లు ఆ నీళ్లలో నానుతున్నాయి. అత్త మంచం మీద మోచేతుల మీద లేచి, మొహం వెలిగిపోతూ ఉంది.

"అన్నయ్యా, నువ్వేనా? బయట అంటుంటే విన్నాను. నాకు తెలుసు, ఎప్పటికైనా నువ్వే తెప్పిస్తావని. వీధిలో ఎవరికి పట్టింది, నీకు తప్ప. ఇంక ఆ బరువు మొయ్యక్కర్లేదులే నువ్వు."

తాత గుమ్మంలోనే ఆగిపోయాడు. వెనక కూతురు తలుపుకి అడ్డంగా నిలబడింది, ఆయన వెనక్కి తిరిగినా పోవడానికి దారి లేకుండా.

"చెప్పు నాన్నా."

ఆయన చెప్పాడు. నిలబడే, గోడ పట్టుకుని, తక్కువ మాటల్లో చెప్పాడు. మర సంగతి చెప్పాడు, ఆఫీసులో నవ్విన సంగతి చెప్పాడు, నువ్వు పడక ముందే నాకు తెలుసమ్మా అని చెప్పాడు. వంటింట్లో కొళాయి ధారగా పోస్తూనే ఉంది.

అత్త మోచేతుల మీంచి మెల్లగా వెనక్కి వాలింది. తిడుతుందేమోనని ఎదురుచూశారు ఇద్దరూ. తిడితే బాగుండును.

"ఆ కొళాయి కట్టెయ్," అంది చివరికి.

ఆయన వెళ్లి కట్టాడు.

"ఆ క్యాన్లు కూడా పట్టుకుపో."

ఆయన వంగి నీళ్లలోంచి రెండు క్యాన్లూ తీసుకుని బయటికి నడిచాడు. లాండ్రీ అక్క పనివాళ్లని ఇద్దరిని కేకేసి నీళ్లు తోయించి, అత్త మంచం కాళ్లు తుడిపించి వచ్చేసరికి, పెరట్లో మేస్త్రీ రాడ్లు సర్దుకుంటున్నాడు.

"ఇన్నేళ్లలో నేల అడుగున నీళ్లు దొరికాయి గానీ, ఇంట్లోవాళ్ల నోట్లోంచి దొరకడం ఇదే చూడ్డం," అన్నాడు, నవ్వించబోయి. ఆమె మొహం చూసి సర్దుకున్నాడు. "ఇంక బోరెందుకులెండి. నీళ్లొచ్చేశాయి కదా."

"వచ్చాయి. ఒక మనిషి అలిగితే ఆగాయి, ఆ మనిషి నోరు జారితే వచ్చాయి. రేపు ఆ ఆఫీసులో ఇంకెవడో అలుగుతాడు. సోమవారం పెద్ద నర్సుకి నేనేం చెప్పాలి, ఎవరికీ కోపం రాకుండా చూసుకుంటామనా? వెయ్యి బోరు."

"పైపు మీద వెయ్యనమ్మా. ఇప్పుడు అందులో నీళ్లున్నాయని తెలిసి అసలే వెయ్యను."

"పైపు మీద వద్దు. ఆ మూల వెయ్యి."

"వసారా పీకాలి మరి."

"పీకు."

తాత గేటు దగ్గర రెండు ఖాళీ క్యాన్లతో నిలబడి విన్నాడు. ఆమె ఆయన వైపు తిరక్కుండానే చెప్పింది. "మంచం ముందుగదిలో వేస్తాం. భోజనానికి లోటు చెయ్యను. కానీ ఇంక ఈ ఇంటి నీళ్లు నీ చేతిలో ఉండవు."

ఆయన క్యాన్లు గోడ పక్కన పెట్టి వసారాలోకి వెళ్లాడు. కాసేపటికి ఖాకీ చొక్కా మడిచి ట్రంకుపెట్టెలో పెట్టి, పెట్టె బయటికి లాక్కొచ్చాడు. తర్వాత మంచం ఒక్కడే ఎత్తుకుని తలుపులోంచి తిప్పి తీయడానికి తంటాలు పడుతుంటే పనివాళ్లు సాయం వెళ్లబోయారు. ఆమె వద్దనలేదు.

మధ్యాహ్నానికి రేకులు దిగాయి, గోడ పోయింది. మేస్త్రీ లారీ వెనక్కి తీసి మూలకి పెట్టించి, కొత్త గుర్తు పాతి, అలవాటు ప్రకారం డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూశాడు.

"చోటు మారింది కాబట్టి గీత మళ్లీ గియ్యాలమ్మా. ఇంటిపెద్ద ఎవరు?"

మంచం కోడు పట్టుకుని ముందుగది గుమ్మంలో నిలబడ్డ తాత తల దించుకున్నాడు. లాండ్రీ అక్క చెయ్యి చాచి మేస్త్రీ దగ్గర్నుంచి సున్నం డబ్బా తీసుకుంది.